ఎవరి ఆది వాళ్ళది

రాజమండ్రిలో ముప్పై అయిదేళ్ళు టైలరింగ్ షాపు నడిపాను. 1984లో ఒక్క మిషనుతో మొదలుపెట్టి, మోకాళ్ళు సహకరించక 2019లో మూసేశాను. ఈ శీర్షికకు మామూలుగా కుట్టు గురించి అడిగే ఉత్తరాలే ఎక్కువ వస్తాయి. ఈ నెల మాత్రం చాలామంది ఒకే మాట అడిగారు: "ఫలానాది వేసుకోకూడదని ఎక్కడా రాసి లేదు, కానీ అందరూ అంటున్నారు. వేసుకోవచ్చా?"

జవాబులకు ముందు ఒక సంగతి చెప్పాలి. 1987లో ఒక పెళ్ళయిన అమ్మాయి మా షాపుకు పంజాబీ డ్రెస్ బట్ట తెచ్చింది. అప్పటికి మా వీధిలో పెళ్ళయిన ఆడపిల్ల చీర తప్ప ఇంకోటి వేసుకుని గడప దాటేది కాదు. కుట్టాక న్యూస్‌పేపరులో చుట్టి ఇమ్మంది. రాజమండ్రిలో చీరతో రైలెక్కి, తెల్లవారి హైదరాబాదు వస్తుందనగా బాత్రూములో మార్చుకున్నానని తర్వాత తనే చెప్పింది. పదిహేనేళ్ళు గడిచాక వాళ్ళ అత్తగారు వచ్చారు. పొద్దున్నే గోదావరి గట్టు మీద నడుస్తుంటే చీర కాళ్ళకు అడ్డం పడుతోంది, తనకూ ఒక పంజాబీ డ్రెస్ కుట్టమన్నారు. మెడ చిన్నగా, చేతులు మోచేతి దాకా. కొలతలు తీసుకుంటూ కోడలి సంగతి నేను ఎత్తలేదు. ఆవిడే అన్నారు, "అప్పుడు అది వేసుకుందని తెలిసి వారం రోజులు దాంతో మాట్లాడలేదమ్మా" అని. ఈ ఉత్తరాలు చదువుతున్నంతసేపూ నాకు ఆవిడ గొంతే వినిపించింది.

ప్రశ్న: నాకు 41 ఏళ్ళు. జూనియర్ కాలేజీ లెక్చరర్‌ని. కొంచెం లావుగా ఉంటాను. పోచంపల్లి చీరలంటే ప్రాణం. లావుగా ఉన్నవాళ్ళు అడ్డగీతలు, పెద్ద డిజైన్లు కట్టకూడదని, నిలువు గీతలూ ముదురు రంగులే నప్పుతాయని స్టాఫ్ రూములో అంటున్నారు. నిజమేనా మేడమ్? (ఒక పాఠకురాలు, ఖమ్మం)

జవాబు: అమ్మా, ఈ మాట నేనూ ఎంతోమందికి చెప్పాను. అడ్డగీతల బట్ట తెస్తే "మీ ఒంటికి ఇది నప్పదండీ, మార్చుకు రండి" అని మళ్ళీ తాడితోట బట్టల మార్కెట్టుకు పంపిన రోజులున్నాయి. నాకు ఎవరో చెప్పారు, నేను ఇంకొకరికి చెప్పాను. కొలతలు తీయడమే నా పని అయినా, ఈ ఒక్కటి మాత్రం నేను కొలిచి చూడలేదు.

కొలిచి చూసినవాళ్ళు ఉన్నారని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. ఒకే కొలత ఉన్న రెండు చదరాల్లో ఒకదాన్ని అడ్డగీతలతో, ఇంకోదాన్ని నిలువు గీతలతో నింపితే, అడ్డగీతలదే పొడుగ్గా, సన్నగా కనిపిస్తుందని పందొమ్మిదో శతాబ్దంలోనే హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త రాశాడు. ఇంగ్లండులోని యార్క్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇదే సంగతిని గీతల దుస్తులు వేసుకున్న ఆడవాళ్ళ బొమ్మలతో పరీక్షించి, అడ్డగీతలు మనిషిని లావుగా చూపించవని 2011లో ప్రచురించారు. స్టాఫ్ రూములో ఈసారి ఆ మాట వస్తే ఇది చెప్పండి.

నేను చూసినంతలో మనిషిని ఉన్నదానికన్నా లావుగా చూపించేది కుట్టు. భుజం కుట్టు చేతి మీదికి జారినా, చంక దగ్గర బిగిసి వీపు మీద మడత పడినా ఎంత మంచి చీరయినా తేలిపోతుంది. చీర లంగాకు కుచ్చులు ఎక్కువ పెట్టి నాడా బిగిస్తే నడుము చుట్టూ ఎత్తుగా ఉబ్బుతుంది. ఆరు ముక్కల లంగా కుట్టించుకోండి. నూలు పోచంపల్లి కొత్తలో బిరుసుగా నిలబడుతుంది, రెండు ఉతుకులు పడ్డాక కుచ్చిళ్ళు చెప్పినట్టు వింటాయి.

పోచంపల్లిలో నేయకముందే పోగులను కట్లు కట్టి రంగుల్లో ముంచుతారు. అందుకే ఆ డిజైన్ అంచులు కాస్త చెదిరినట్టు, మెత్తగా కనిపిస్తాయి. ఆ అందం పెద్ద డిజైన్‌లోనే బాగా తెలుస్తుంది, క్లాసులో చివరి బెంచీ పిల్లలకు కూడా. అసలు సన్నగా కనబడాలన్న లెక్క మీకు ఎవరు పెట్టారు? మీరు వెళ్ళేది పాఠం చెప్పడానికి. మీకు ప్రాణమైన చీర కట్టుకుని వెళ్ళి చెప్పండి.

ప్రశ్న: బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంతో లేత గులాబీ రంగు షర్టు కొనుక్కున్నాను. రూమ్మేట్లు అది ఆడపిల్లల రంగని ఏడిపిస్తుంటే మడిచి సూట్‌కేసులో పెట్టేశాను. ఏం చేయమంటారు ఆంటీ? (24 ఏళ్ళ పాఠకుడు, తిరుపతి)

జవాబు: బయటికి తియ్యి బాబూ. ఇస్త్రీ చేసి సోమవారం వేసుకెళ్ళు. 1918లో అమెరికాలో పిల్లల బట్టల వ్యాపారుల పత్రిక ఒకటి గులాబీ రంగు మగపిల్లలకు, నీలం ఆడపిల్లలకు అని రాసింది. గులాబీ గట్టి రంగనీ, నీలం సున్నితమైనదనీ వాళ్ళ లెక్క. తర్వాత కొన్ని దశాబ్దాలకు అదే తిరగబడింది. మన ఇళ్ళలో పెళ్ళికొడుకు కాళ్ళకు పారాణి పెడతాం, బుగ్గన చుక్క పెడతాం. అది ఆడపిల్ల సింగారం అని ఏ స్నేహితుడూ అనడు. లేత గులాబీకి ముదురు నీలం ప్యాంటు బాగుంటుంది. భుజం దగ్గర సరిపోయిందో లేదో మాత్రం చూసుకో, రెడీమేడ్ షర్టుల్లో తేడా వచ్చేది అక్కడే.

ప్రశ్న: నాకు 58 ఏళ్ళు. మావారు పోయి ఆరేళ్ళయింది. వచ్చే మాఘమాసంలో మా ఒక్కగానొక్క అబ్బాయి పెళ్ళి. 1999లో ప్రమోషన్ వచ్చినప్పుడు మావారు కొన్న కుంకుమరంగు గద్వాల చీర ఉంది. పెళ్ళిలో అది కట్టుకోవాలని ఉంది. మా ఆడపడుచు "ఆ రంగు నీకెందుకు వదినా, క్రీమో బూడిదరంగో తీసుకో, నలుగురూ ఏమనుకుంటారు" అంది. వియ్యాలవారు ఏమంటారోనని టెన్షన్‌గా ఉంది. పీటల మీద మా మరిది, తోటికోడలు కూర్చుంటున్నారు. దానికి నేను ఒప్పుకున్నాను. చీర దగ్గర మాత్రం మనసు ఒప్పుకోవడం లేదక్కా. (పేరు, ఊరు రాయవద్దన్నారు)

జవాబు: చెల్లెమ్మా, కట్టుకోండి. ముందు ఆ మాట చెప్పేసి, తర్వాత మిగతావి చెబుతాను.

మా నాన్న 1979లో పోయారు. అప్పటికి అమ్మకు 38 ఏళ్ళు. కర్మ అయ్యాక బంధువులు పెట్టిన తెల్లచీరతో మొదలై, తర్వాత బూడిదరంగు, కాఫీరంగు, వెలిసిన క్రీమ్. అంతకుమించి అమ్మ ఒంటి మీద రంగు నేను చూడలేదు. నేను షాపు పెట్టాక అమ్మ పక్కన స్టూలు మీద కూర్చుని జాకెట్లకు హుక్కులు కుట్టేది, చేతిపని చేసేది. చిలకపచ్చ, నెమలికంఠం, చింతపండు రంగు, అన్నీ ఆ చేతుల మీదుగానే వెళ్ళేవి. అదంతా కళ్ళారా చూసిన నేనే, ఇంకొకామె దగ్గర తప్పు చేశాను.

1992 వేసవిలో ఒక టీచరుగారు ఎర్రటి జాకెట్టు ముక్క తెచ్చారు. భర్త పోయి అప్పటికి రెండేళ్ళు. ఎనిమిదేళ్ళుగా ఆవిడ జాకెట్లన్నీ నేనే కుట్టేదాన్ని. ముక్క చేతిలోకి తీసుకుంటూ, "ఎవరికండీ?" అని అడిగాను. ఆవిడ ఒక్క క్షణం ఆగి, "మా కోడలికి" అన్నారు. కొలతకు ఇచ్చే పాత జాకెట్టు, అదే ఆది జాకెట్టు, సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. సాయంత్రం కత్తిరిద్దామని ఆ ఆది పరిచాను. కుడి భుజం అరంగుళం దిగి ఉంది. ఆ దిగుడు నాకు తెలుసు, ప్రతిసారీ దానికి సర్ది కుట్టేది నేనే కదా. ఆది ఆవిడదే.

ఏమీ అనకుండా కుట్టి ఇచ్చాను. కొన్ని నెలల తర్వాత ఏదో పని మీద మధ్యాహ్నం వేళ వాళ్ళింటికి వెళ్ళాను. కిటికీలు మూసి ఉన్నాయి. తలుపు తీసిన ఆవిడ ఒంటి మీద ఆ ఎర్ర జాకెట్టు ఉంది. నన్ను చూడగానే కొంగు భుజాల చుట్టూ లాగి కప్పుకున్నారు. కొడుకూ కోడలూ ఊళ్ళో లేరు. ఆ ఎండలో, తలుపులన్నీ వేసుకుని, ఒక్కరే ఉన్నప్పుడు తొడుక్కున్నారు. "ఎవరికండీ" అన్న ఆ ఒక్క మాట నేను అడక్కుండా ఉంటే ఆవిడ దాన్ని పగటి వెలుతురులో వేసుకునేవారేమో. ఆ రోజు నుంచి షాపు మూసేదాకా ఏ రంగు బట్ట వచ్చినా ఎవరికని నేను అడగలేదు. ఆది ఇస్తే చాలు.

మా ఊళ్ళోనే కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించారు. చట్టం అంతకు పాతికేళ్ళ ముందే, 1856లోనే వచ్చింది. అయినా ఊరు ఎదురుతిరిగింది. వంటవాళ్ళు, నీళ్ళు తెచ్చేవాళ్ళు రాకపోతే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరి నీళ్ళు తానే మోశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. చట్టం ఒప్పుకున్నదాన్ని కూడా నలుగురి నోట్లో ఉన్న మాట ఎంత గట్టిగా అడ్డుకుంటుందో మా ఊరికి తెలుసు. అంత పెద్ద అడ్డు దాటి నూట నలభై ఏళ్ళు గడిచాక, కొడుకు పెళ్ళిలో తల్లి చీర రంగు దగ్గర మనం ఆగిపోకూడదు.

ఇక జరగాల్సిన పనులు. ముందు మీ అబ్బాయికి చెప్పండి. అనుమతి అడిగినట్టు కాదు, "నాన్న కొన్న చీర కట్టుకుంటున్నాను రా" అని మామూలుగా చెప్పండి. ఆ అబ్బాయి వియ్యాలవారికి ఒక మాట చేరవేస్తే పెళ్ళిరోజు ఎవరికీ కొత్తగా ఉండదు. మీ ఆడపడుచు మీద కోపం పెట్టుకోకండి. ఆవిడా ఎక్కడో విన్న మాటే చెప్పారు. ఆ చీరకు కొత్త ఫాల్ వేయించే పని ఆవిడకే అప్పజెప్పండి. వాళ్ళ అన్నయ్య కొన్న చీర ఆవిడ చేతుల్లో ఒక పూట ఉంటే మంచిది.

చీరను ఇప్పుడే బయటికి తీసి చూడండి. అన్నేళ్ళు ఒకే మడత మీద ఉంటే ఆ మడత దగ్గర జరీ విరుగుతుంది. నీడలో గాలికి ఆరేసి, మడతలు మార్చి మడవండి. గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండూ కలిసేచోట నేతపనివారు పోగును పోగుతో చేత్తో పెనవేస్తారు. పాత చీరల్లో ముందు చూసుకోవాల్సింది ఆ కలిసేచోటే. వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే ఎక్కడైనా వదులైందేమో తెలుస్తుంది. ఉంటే రఫ్ఫు చేయించండి, ఇంట్లో సూది పెట్టకండి. పాత జాకెట్టు పట్టకపోతే అదే రంగు కోసం ఊరంతా తిరగొద్దు. అంచు రంగులో జాకెట్టు కుట్టించుకోండి, గద్వాలకు అది ఇంకా బాగుంటుంది.

ఒకవేళ ఆ రోజు మీకే మనసు మారి క్రీమ్ చీర కట్టుకోవాలనిపిస్తే అదీ కట్టుకోండి. మీకు అనిపించి కట్టుకోవాలి, అంతే నేను అడిగేది. పెళ్ళయ్యాక నాకు ఇంకో ఉత్తరం రాయండి.

ప్రశ్న: ఫ్రెండ్ పెళ్ళికి నల్ల పట్టుచీర కట్టుకుందామనుకుంటే అమ్మ ససేమిరా అంటోంది. నలుపు నిజంగా అశుభమా ఆంటీ? (ఒక పాఠకురాలు, హైదరాబాదు)

జవాబు: అశుభమైతే తాళితో పాటు నల్లపూసలు ఎందుకు వేసుకుంటాం తల్లీ? పసిబిడ్డ బుగ్గన నల్లచుక్క పెడతాం. అయ్యప్ప దీక్షలో నలభై ఒక్క రోజులు నల్లబట్టల్లోనే ఉంటారు. మహారాష్ట్రలో సంక్రాంతికి ఆడవాళ్ళు కోరి నల్లచీరే కడతారు. రంగులో దోషం ఏమీ లేదు.

అయినా ఈసారి మీ అమ్మ పక్షమే. ఎందుకంటే అది నీ పెళ్ళి కాదు. ముహూర్తం వేళ పెళ్ళికూతురి అమ్మమ్మ నిన్ను చూసి మనసులో కలుక్కుమంటే, ఆవిడకు నల్లపూసల సంగతి చెప్పి ఒప్పించే సమయం అక్కడ ఉండదు. నీ ఫ్రెండ్‌ని ఒక్క మాట అడుగు. వాళ్ళింట్లో పట్టింపు లేదంటే కట్టుకో. ఉందంటే రిసెప్షన్‌కు కట్టుకో, దీపాల వెలుగులో జరీ ఇంకా బాగా మెరుస్తుంది. పైన గద్వాల చీర అమ్మకు కట్టుకోమని చెప్పి నీకు వద్దంటున్నానని అనుకోవద్దు. నువ్వు వదులుకునేది ఒక్క పూట. ఆవిడను వదులుకోమంటున్నది బతికినన్నాళ్ళూ.

ప్రశ్న: కొలీగ్ వాళ్ళ నాన్నగారు పోయారని ఆఫీసులో తెలిసి అట్నుంచి అటే వెళ్ళాను. మోకాళ్ళ దగ్గర చిరుగులున్న జీన్స్, ఎర్ర టీషర్టు. అక్కడ ఒక పెద్దాయన నన్ను ఎగాదిగా చూశారు. ఇంట్లో చెబితే అమ్మ తిట్టింది. వెళ్ళడం ముఖ్యమా, బట్టలా? (ఐటీ ఉద్యోగిని, బెంగళూరు)

జవాబు: వెళ్ళడమే ముఖ్యం. నీ కొలీగ్‌కు గుర్తుండేది నువ్వు వచ్చావన్న సంగతే. కానీ ఆ పెద్దాయన చూపును కూడా తీసిపారేయకమ్మా.

1996లో నేను కాకినాడలో ఒక పెళ్ళి చూసుకుని బస్సు దిగి వస్తున్నాను. మా పక్కింటాయన ఆ మధ్యాహ్నమే పోయారని వీధి మొదట్లో చెప్పారు. నేరుగా వాళ్ళింట్లోకే వెళ్ళిపోయాను. ఒంటి మీద జరీ చీర, తలలో పూలు, చేతినిండా గాజులు. ఆయన భార్య నా చేతులు పట్టుకుని ఏడుస్తుంటే ఆవిడ వణుకుకు నా గాజులు గలగలమన్నాయి. ఆవిడ తల ఎత్తి గాజుల వంక చూసింది. ఏమీ అనలేదు. మా ఇల్లు పక్కనే. అయిదు నిమిషాలు లోపలికి వెళ్ళి మార్చుకుని వచ్చి ఉంటే ఆవిడకు ఆ చప్పుడు వినే బాధ తప్పేది.

అలాంటి ఇంట్లో మన బట్టలు ఎవరి కంటికీ ఆనకూడదు. ఒక లేతరంగు నూలు చున్నీ, పెద్దది, ఆఫీసు సొరుగులో పెట్టుకో. టీషర్టు మీద కప్పుకుంటే మోకాళ్ళ దాకా వస్తుంది, కింద కూర్చున్నా ఇబ్బంది ఉండదు. ఏ రోజు ఏ కబురు వస్తుందో తెలియదు కాబట్టి అది అక్కడే ఉండనీ.

ప్రశ్న: ఒకసారి ఫొటోల్లో పడిన చీర ఇంకో ఫంక్షన్‌కు కట్టకూడదని మా చెల్లెళ్ళు గొడవ. నా దగ్గరున్న మంచి చీరలన్నీ ఫొటోల్లో పడినవే. దానికి తోడు పాత జాకెట్లు పట్టడం లేదు. ఫినిషింగ్ పోతుందని మా టైలర్ లోపల బట్ట వదలడు. (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: ఉప్పాడ జాంధానీ చీర ఒకటి మగ్గం మీద వారాల తరబడి ఉంటుంది, పనితనం ఎక్కువైతే నెలలు పడుతుంది. అంతకాలం నేసినదాన్ని ఒక్క పూట కట్టి బీరువాలో పడేయమనడం నాకు మింగుడుపడదు. మా చిన్నప్పుడు ఊళ్ళో ఏ ఆవిడ ఏ పట్టుచీరలో వస్తుందో అందరికీ ముందే తెలుసు. చీరను బట్టే దూరం నుంచి మనిషిని గుర్తుపట్టేవాళ్ళం. మళ్ళీ మళ్ళీ కట్టండి. ఫొటోల్లో తేడా కావాలంటే జాకెట్టు మార్చండి.

జాకెట్టు విషయంలో మీ టైలర్ మాట వినకండి. పక్క కుట్ల దగ్గర రెండు వైపులా ఒకటిన్నర అంగుళం బట్ట లోపల వదిలి, అరంగుళానికి ఒకటి చొప్పున మూడు కుట్లు వేయమనండి. ఒళ్ళు వచ్చినప్పుడల్లా లోపలి నుంచి ఒక కుట్టు విప్పుకుంటే సరిపోతుంది. చంక వంపు దగ్గర చిన్న గాటు పెడితే లోపలి బట్ట లాగదు, ఫినిషింగ్‌కు ఏమీ కాదు. లైనింగ్ ఉన్నా ఇదే పద్ధతి. ఇంత చెప్పినా కుదరదంటే మీ ఆది జాకెట్టు వెనక్కి తెచ్చేసుకుని ఇంకో షాపు చూసుకోండి.